లావా కంకర, పలకరాయి, ఒక పాత సైకిల్: లీజర్ లోయ ప్రాజెక్టు డైరీ

నేను జర్మనీలోని విట్లిష్‌లో ఉంటున్నాను. ఐఫెల్ కొండల్లో పుట్టిన లీజర్ నది మా ఊరు దాటి దక్షిణానికి వెళ్లి మోజెల్ నదిలో కలుస్తుంది. ఉత్తరాన మాండర్‌షైడ్ దగ్గర మోజెన్‌బెర్గ్ అనే అగ్నిపర్వతాల గుంపు ఉంది, ఎత్తు 517 మీటర్లు. ఇంటి నుంచి అడవి గుండా మోజెన్‌బెర్గ్ ఎక్కి, మళ్లీ ఇంటికి చేరే చుట్టు 46 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు సుమారు 900 మీటర్లు. పాత సైకిల్‌తో ఈ చుట్టును దారిలో ఆగకుండా పూర్తి చేయడమే ఈ ప్రాజెక్టు. ట్రియర్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు కొందరు ఇలాంటి పాత సైకిళ్లే కొంటున్నారు. నేను పారేసుకున్న డబ్బు, వారాంతాలు వాళ్లకు మిగలాలని ఇది రాస్తున్నాను.

దశ 1: ఉన్నది ఉన్నట్టు కొలవడం (మార్చి)

సైకిల్ 540 యూరోలు. వెనుక సస్పెన్షన్ లేదు, ముందు ఫోర్కు కదలిక 120 మిల్లీమీటర్లు. మార్పులు మొదలుపెట్టే ముందు రాసుకున్న కొలతలు ఇవి:

1. బరువు: సామాను తూచే చేతి తూకంతో 13.9 కిలోలు. నేను, సంచి, నీళ్లు కలిపి 66 కిలోలు.
2. చక్రాలు 29 అంగుళాలు, టైర్లు 2.25 వెడల్పు, లోపల ట్యూబులు.
3. గేర్లు: ముందు ఒకటే చక్రం, 32 పళ్లు. వెనుక 11 పళ్లచక్రాలు, వాటిలో అతి పెద్దది 42 పళ్లు.
4. బ్రేకు డిస్కులు రెండూ 160 మిల్లీమీటర్లు. మందం 1.62. కొత్తవైతే 1.8 ఉండాలి, 1.5కు దిగితే మార్చేయాలి.
5. గాలి: ముందు, వెనుక 2.2 బార్.

మూడు సవారీల్లో ఐదు పంక్చర్లు అయ్యాయి. మొదటి రెండింటికీ లావా కంకరనే తప్పుపట్టాను. మోజెన్‌బెర్గ్ మీద పరిచిన ఆ ఎర్రటి, నల్లటి రాయి నిండా బుడగల రంధ్రాలు ఉంటాయి. విరిగిన అంచు గాజుపెంకులా చేతికి గీరుకుంటుంది. అనుమానం సహజమే. అయినా పాడైన ప్రతి ట్యూబునూ నీళ్ల బకెట్‌లో ముంచి, రంధ్రం చుట్టూ పెన్నుతో గీసి, ఎక్కడ పంక్చరైందో మ్యాపులో గుర్తుపెట్టుకున్నాను. లెక్క చూస్తే ఐదింటిలో మూడు జంట గాట్లు, పక్కపక్కనే రెండు చీలికలు. టైరు రాతి అంచుకు కొట్టుకున్నప్పుడు రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగితే ఇలా అవుతుంది. పాము కాటు వేసినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరుతోనే పిలుస్తారు. మూడూ లీజర్ లోయలో పలకరాళ్ల మీదుగా దిగేటప్పుడు అయినవే. మిగిలిన రెండు ముళ్లపొదల ముళ్లు. లావా కంకర వల్ల ఒక్కటి కూడా కాలేదు. ఈ లెక్క వేయకుండా టైర్లు కొని ఉంటే తప్పు టైర్లు కొనేదాన్ని.

*ఇప్పటికి మొత్తం: సవారీలు 3, దూరం 118 కి.మీ., ఎక్కుడు 2,240 మీ., పంక్చర్లు 5, ఖర్చు 572 యూరోలు (ట్యూబులు, అతుకుల డబ్బా కలిపి).*

దశ 2: దారి మార్చడం (ఏప్రిల్)

ఇది పూర్తిగా నా పొరపాటు. ఫోనులోని మ్యాపు చూపించింది కదా అని మాండర్‌షైడ్ నుంచి లీజర్‌ఫాడ్ అనే కాలిబాట పట్టుకుని దిగాను. ఒక పక్క కొండ, ఇంకో పక్క నదిలోకి నిట్టనిలువు వాలు. కొన్నిచోట్ల బాట నా హ్యాండిల్ కన్నా సన్నగా ఉంది. ఎదురుగా వచ్చిన వృద్ధ దంపతులు కొండకు ఆనుకుని నిలబడి నాకు దారి ఇవ్వాల్సి వచ్చింది. ఆవిడ కోప్పడలేదు. ఇది నడిచేవాళ్ల బాట అని, ఇక్కడ తప్పుకోవడానికి చోటు ఉండదని నెమ్మదిగా చెప్పారు. క్షమాపణ చెప్పి, దగ్గర్లోని అడవి రోడ్డు వచ్చేదాకా సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను.

ఇంటికి వచ్చి చట్టం చదివాను. మేముండే రైన్‌లాండ్ ఫాల్ట్స్ రాష్ట్రంలో అడవిలో సైకిల్ తొక్కడానికి అనుమతి ఉన్నది రోడ్ల మీద, అటవీ దారుల మీద మాత్రమే. కాలిబాటలు, దుంగలు లాగడానికి యంత్రాలు చేసిన జాడలు అటవీ దారుల కిందకు రావు. సైకిల్ కోసం ప్రత్యేకంగా గుర్తులు పెట్టిన దారులు డౌన్ అనే ఊరు, మాండర్‌షైడ్ చుట్టుపక్కల కావలసినన్ని ఉన్నాయి. దారి గీసుకోవడానికి ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి:

1. మ్యాపులో సన్నని చుక్కల గీతగా ఉన్న ప్రతి ముక్కనూ తీసేయడం.
2. మిగిలిన అటవీ రోడ్లను, సైకిల్ గుర్తులున్న దారులను కలపడం.
3. నేచర్ రిజర్వుల్లో వెడల్పాటి దారిని వదలకపోవడం. మోజెన్‌బెర్గ్ మీద విండ్స్‌బోర్న్ బిలం అలాంటిదే. అగ్నిపర్వతం నోటిలో నీళ్లు నిలిచిన ఆ చెరువు దగ్గర సైకిల్ ఆపి నడిచే చూడాలి.
4. ఇంటికి చేరే అడ్డదారి ఒకటి ముందే చూసుకోవడం. డౌన్ నుంచి మా ఊరి మీదుగా బెర్న్‌కాస్టెల్-కూస్ దాకా పాత రైలుమార్గాన్ని 58 కిలోమీటర్ల సైకిల్ బాటగా మార్చారు. సీజనులో ఆ దారిన సైకిళ్లను ట్రైలర్‌లో ఎక్కించుకునే బస్సు కూడా తిరుగుతుంది.

*ఇప్పటికి మొత్తం: సవారీలు 5, దూరం 202 కి.మీ., ఎక్కుడు 3,850 మీ., పంక్చర్లు 6, ఖర్చు 572 యూరోలు.*

దశ 3: ట్యూబు తీసేయడం (ఏప్రిల్ చివర, మే)

జంట గాట్లకు మందు ట్యూబు లేకపోవడమే. నలగడానికి లోపల ట్యూబే ఉండదు. రిమ్ముల మీద ట్యూబ్‌లెస్‌కు పనికొస్తాయన్న గుర్తు ఉంది. టైర్ల మీద లేదు కాబట్టి 2.4 వెడల్పు కొత్త టైర్లు కొన్నాను.

మొదటి ప్రయత్నం విఫలం. రిమ్ము లోపలి వెడల్పు కొలవకుండా, స్పోకుల రంధ్రాలను మూసే టేపు 21 మిల్లీమీటర్లది తెప్పించాను. తర్వాత కొలిస్తే రిమ్ము 25 మిల్లీమీటర్లు. టేపు అంచులు మధ్య గాడిలోనే ఆగిపోయాయి. సీలెంట్ (రంధ్రాలను మూసే ద్రవం) పోసి గాలి కొట్టాక గంటసేపు బాగానే ఉంది. తర్వాత స్పోకుల మొదళ్ల దగ్గర తెల్లటి చుక్కలు ఊరడం మొదలైంది, పాలు పొంగేముందు గిన్నె అంచున కనిపించే బుడగల్లా. తెల్లారేసరికి టైరు చప్పబడిపోయింది, సెల్లార్ గచ్చు మీద 110 మిల్లీలీటర్ల ద్రవం గడ్డకట్టింది.

రెండో ప్రయత్నానికి 28 మిల్లీమీటర్ల టేపు వేశాను. ఈసారి ఊరడం లేదు కానీ టైరు అంచు రిమ్ము గట్టు ఎక్కలేదు. చేతి పంపుతో ఎంత వేగంగా కొట్టినా గాలి పక్కల నుంచి బుస్సుమని పోయింది. ఆ రోజు నాతో ఉన్న కుర్రాడు అన్నాడు: "అక్కా, వాల్వు లోపలి పిన్ను తీసేసి పెట్రోలు బంకులో కొట్టి చూద్దాం. సన్నటి దారిలో గాలి ఒక్కసారిగా వెళ్లడం లేదు." అతను చెప్పిందే నిజమైంది. కారు వాల్వుకు సరిపోయే 2 యూరోల అడాప్టరు బిగించి బంకులో గాలి పట్టాం. 2 బార్ దాటాక ఒక వైపు, 2.6 దగ్గర రెండో వైపు 'ఠప్'మని గట్టు ఎక్కాయి.

పనిచేసిన పద్ధతి:

1. రిమ్ము లోపలి వెడల్పు కొలిచి, దానికన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉన్న టేపు తీసుకోవాలి.
2. రిమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవాలి. వేలి జిడ్డు కూడా ఉండకూడదు.
3. టేపును గట్టిగా లాగుతూ, వాల్వు రంధ్రానికి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి రెండు చుట్లు వేయాలి.
4. పాత ట్యూబు పెట్టి 2.5 బార్ కొట్టి రాత్రంతా వదిలేయాలి. టేపు అంచుల దాకా అతుక్కుంటుంది.
5. ట్యూబు తీసి, వాల్వు రంధ్రం కాల్చిన సూదితో చేయాలి. కత్తి వాడితే టేపు చీలుతుంది.
6. ముందు ద్రవం లేకుండా అంచు గట్టు ఎక్కించాలి. రిమ్ము మీద, టైరు మీద రాసిన గరిష్ఠ పీడనం దాటకూడదు.
7. గాలి తీసి, వాల్వు గుండా చక్రానికి 110 మిల్లీలీటర్ల సీలెంట్ పోసి, పిన్ను బిగించి, మళ్లీ గాలి కొట్టాలి. చక్రాన్ని అన్ని వైపులకూ వంచుతూ తిప్పాలి.

మొదటి రాత్రి 0.3 బార్ తగ్గింది. రెండు సవారీల తర్వాత వారానికి 0.1 మాత్రమే తగ్గుతోంది.

*ఇప్పటికి మొత్తం: సవారీలు 7, దూరం 294 కి.మీ., ఎక్కుడు 5,650 మీ., పంక్చర్లు 6, ఖర్చు 720 యూరోలు. ఇందులో 9 యూరోలు తప్పు టేపుకు పోయాయి.*

దశ 4: గాలి ఎంత? (మే, జూన్)

ఈ ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. ఆ సమయం దండగ కాలేదు.

మొదట డిజిటల్ గేజి కొన్నాను, 19 యూరోలు. దానితో పోలిస్తే నా పంపు మీటరు 0.2 బార్ ఎక్కువ చూపిస్తోంది. అంటే ఇన్నాళ్లూ 2.2 అనుకున్నది 2.0 మాత్రమే. మీ పంపు చూపించే అంకెను ఇంకొకరి అంకెతో పోల్చకండి. ఒకే గేజితో కొలిచిన తేడాలే పనికొస్తాయి.

పరీక్షకు లీజర్ లోయలోకి దిగే 600 మీటర్ల పలకరాతి ముక్కను ఎంచుకున్నాను. ఒకే వేగంతో దిగుతూ, వెనుక రిమ్ముకు రాయి 'ఠంగ్'మని తగిలిన ప్రతిసారీ లెక్కపెట్టాను.

1. వెనుక 1.3 బార్: 6 దెబ్బలు. రిమ్ము అంచుకు చిన్న సొట్ట.
2. వెనుక 1.5 బార్: 2 దెబ్బలు.
3. వెనుక 1.7 బార్: ఒక్కటీ లేదు.
4. వెనుక 2.0 బార్: దెబ్బలు లేవు కానీ తడి రాతి మీద చక్రం పక్కకు జారింది.

ముందు చక్రానికి లావా కంకర మలుపును వాడాను. 1.8లో కంకర టైరు కింద దొర్లింది, బఠాణీల మీద కాలు పెట్టినట్టు. 1.2లో టైరు మలుపులో మెలికపడి చెప్పిన వైపు తిరగలేదు. 1.4లో కంకర టైరులోకి కొద్దిగా దిగబడి పట్టు దొరికింది.

ముందు 1.4, వెనుక 1.7. ఈ అంకెలు మొత్తం 80 కిలోలకు. మీ బరువు ఎక్కువైతే 0.1 చొప్పున పెంచుతూ ఇలాగే లెక్కపెట్టి చూసుకోండి.

అయినా జూన్ రెండో వారంలో పడ్డాను. ముందు రోజు వాన కురిసింది. ఉదయం తొమ్మిదింటికి లోయలో ఇంకా ఎండ పడలేదు. బీచ్ చెట్ల పాత ఆకులు పలకరాళ్లకు అంటుకుని ఉన్నాయి. ముందు చక్రం ఒక ఆకు మీదికి ఎక్కింది, ఆకు రాయి మీద జరిగింది, నేను మోచేతి మీద పడ్డాను. లేచి ఆ రాయిని చేత్తో తడిమాను. అచ్చం చిన్నప్పటి మార్కాపురం పలకే. తడి గుడ్డతో తుడిచిన పలక మీద బలపం ఎలా జారేదో టైరు కూడా అలాగే జారింది. మోజెల్ ద్రాక్షతోటల్లో వాలంతా కప్పేసిన నల్ల రాయి కూడా ఇదే జాతి. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు బురద పలకలుగా మారింది. ఆ పైనున్న లావా కంకర దాని ముందు నిన్నటిది.

ఇక్కడ నాకు అర్థమైన విషయం ఒకటే. ఈ కొండల్లో వాలు కన్నా నేల మారడమే అసలు సమస్య. ఒకే సవారీలో లావా కంకర, ఆకుల బురద, పలకరాయి మూడూ వస్తాయి. మూడింటికీ సరిపోయే పీడనం ఒకటి ఉండదు. దారిలో ఆగి గాలి మార్చడం కూడా ప్రయత్నించాను. రెండుసార్లకే విసుగొచ్చి మానేశాను.

చివరికి మార్చింది చుట్టు దిశను. ఇప్పుడు లోయ పలకరాళ్ల మీదుగా ఎక్కుతాను. ఎక్కేటప్పుడు జారితే కాలు కింద పెడితే సరిపోతుంది. తిరుగు ప్రయాణం పీఠభూమి మీది పొలాల పక్కన వెడల్పాటి అటవీ రోడ్ల మీద. పైసా ఖర్చు లేని ఈ మార్పు చేసిన మేలు కొత్త టైర్లు కూడా చేయలేదు.

ఈ నెలలో ఒక పలక అంచు టైరును 4 మిల్లీమీటర్ల మేర కోసింది. సీలెంట్ ఆపలేకపోయింది. రబ్బరు ఒత్తి గుచ్చే ప్లగ్గు కిట్టు, 12 యూరోలు, రెండు నిమిషాల్లో ఆపింది.

*ఇప్పటికి మొత్తం: సవారీలు 12, దూరం 508 కి.మీ., ఎక్కుడు 9,730 మీ., పంక్చర్లు 7, ఖర్చు 751 యూరోలు.*

దశ 5: బ్రేకులు (జూలై)

మోజెన్‌బెర్గ్ నుంచి మేర్‌ఫెల్డ్ వైపు దిగుతుంటే బ్రేకు లీవరు హ్యాండిల్ దాకా వచ్చేసింది. కాలిన వాసన, కీచుమని శబ్దం. రెజిన్ ప్యాడ్ల (డిస్కును నొక్కి ఆపే మెత్తటి ముక్కల) ముఖం అద్దంలా మెరుస్తోంది. వేడికి గట్టిపడిపోయాయి.

లోహపు ప్యాడ్లు కొని వేశాను, 36 యూరోలు. రెండు సవారీల తర్వాత కాలిపర్‌తో చూస్తే ముందు డిస్కు మందం 1.62 నుంచి 1.53కు పడిపోయింది. అప్పుడు డిస్కును తుడిచి చదివాను. రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని దాని మీదే చెక్కి ఉంది. మెత్తటి ఉక్కును గట్టి ప్యాడ్లు అరగదీస్తున్నాయి. ప్యాడ్లు కొనే ముందు డిస్కు మీది అక్షరాలు చదవండి.

చేసిన మార్పు:

1. ముందు 180 మిల్లీమీటర్ల డిస్కు, దానికి అడాప్టరు. ఫోర్కు 180కి తట్టుకుంటుందని దాని తయారీదారు పత్రంలో చూశాకే కొన్నాను.
2. వెనుక లోహపు ప్యాడ్లకు సరిపోయే కొత్త 160 డిస్కు.
3. చదునైన రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, పూర్తిగా ఆగకుండా, 20 సార్లు బ్రేకు వేసి ప్యాడ్లను కుదిర్చాను.

అలవాటు కూడా మార్చుకున్నాను. ఇదివరకు దిగినంతసేపూ బ్రేకును కొద్దిగా నొక్కిపట్టి ఉంచేదాన్ని. ఇప్పుడు మలుపుకు ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదిలేస్తాను. డిస్కుకు చల్లారే వ్యవధి దొరుకుతోంది. ఆ తర్వాతి రెండు సవారీల్లో వాసన రాలేదు.

*ఇప్పటికి మొత్తం: సవారీలు 16, దూరం 688 కి.మీ., ఎక్కుడు 13,290 మీ., పంక్చర్లు 7, ఖర్చు 851 యూరోలు.*

దశ 6: గేర్లు (ఆగస్టు)

దిశ మారాక లోయ ఎక్కుడు నిటారుగా ఎదురైంది. ముందు 32, వెనుక 42 పళ్లతో నిమిషానికి 60 సార్లు తొక్కితే వేగం గంటకు 6.3 కిలోమీటర్లు. ఆ వాలులో అంత వేగం నా కాళ్ల వల్ల కాదు. ముందు చక్రాన్ని 28 పళ్లకు మార్చాను. అదే తొక్కుడుకు ఇప్పుడు 5.5. మైదానంలో గరిష్ఠ వేగం తగ్గింది, దానితో నాకు ఇబ్బంది లేదు.

చైను పది పూర్తి లింకులు 254 మిల్లీమీటర్లు ఉండాలి. నాది 255.6, అంటే 0.6 శాతం సాగింది. 0.5 దాటితే మార్చడం మేలు కాబట్టి కొత్తది వేశాను. ముందు నాలుగు పళ్లు తగ్గినందుకు పాత పొడవు నుంచి ఒక జత లింకులు తీసేశాను.

*ఇప్పటికి మొత్తం: సవారీలు 19, దూరం 826 కి.మీ., ఎక్కుడు 16,080 మీ., పంక్చర్లు 7, ఖర్చు 912 యూరోలు.*

దశ 7: విరిగిన హ్యాంగర్ (అక్టోబరు)

బెరడు పురుగు పట్టిన స్ప్రూస్ చెట్లను నరుకుతున్నారు. దారి నిండా యంత్రాల చక్రాల గాడులు, విరిగిన కొమ్మలు. బొటనవేలంత పుల్ల ఒకటి వెనుక గేరు యంత్రంలోకి దూరింది. నేను తొక్కడం ఆపేలోపు దాన్ని చట్రానికి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది.

చైనును కుదించి ఒకే గేరుతో ఇంటికి చేరవచ్చని తెలుసు. వెనుక పెద్ద చక్రం మీద వేసి బిగించాను. పది మీటర్లు వెళ్లేసరికి చైను పక్క చక్రం మీదికి ఎక్కి బిగుసుకుపోయింది. రెండోసారి ముందు పళ్లకు తిన్నగా ఉన్న మధ్య చక్రం మీద వేశాను. రోడ్డు దాకా నిలిచింది. తీసిన లింకులు పారేయకుండా జేబులో వేసుకోవడం వల్ల చైను దక్కింది.

ఆ అరగంటలో పక్కనున్న చెట్టుకు ఒక ఆకుపచ్చ బోర్డు కనిపించింది. జర్మనీ అడవుల్లో అత్యవసర స్థలాలకు ఇలా సంఖ్యలు ఇస్తారు. 112కు ఫోను చేసి ఆ సంఖ్య చెబితే మీరెక్కడున్నారో వాళ్లకు తెలుస్తుంది. నాకు ఆ రోజు అవసరం పడలేదు. అప్పటి నుంచి దారిలో కనిపించే ప్రతి బోర్డునూ ఫోటో తీసుకుంటున్నాను. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఈ పని తప్పకుండా చేయండి.

హ్యాంగర్ ఒక్కో చట్రానికి ఒక్కో ఆకారంలో ఉంటుంది. విరిగిన ముక్కను పక్కన పెట్టి పోల్చుకుని రెండు కొన్నాను. రెండోది సంచిలోనే ఉంటుంది. ఆ నెల చివరి సవారీలో ఒక ముల్లు వెనుక టైరులోకి దిగింది. ప్లగ్గుతోనే సరిపోయింది.

*ఇప్పటికి మొత్తం: సవారీలు 22, దూరం 947 కి.మీ., ఎక్కుడు 18,430 మీ., పంక్చర్లు 8, ఖర్చు 950 యూరోలు.*

దశ 8: టైరు విప్పి చూడటం (నవంబరు)

మేలో పోసిన సీలెంట్ ఎంత మిగిలిందో చూడాలని రెండు టైర్లూ ఒక పక్క విప్పాను. ముందు టైరులో ఒక చెంచాడు ఉంది. వెనుక టైరు పొడిగా ఉంది, అడుగున ఉసిరికాయంత రబ్బరు ముద్ద దొర్లుతోంది. మూడు నెలలకోసారి చూడాల్సింది, ఆరు నెలలు వదిలేశాను. అక్టోబరు ముల్లును ద్రవం ఎందుకు ఆపలేదో ఇప్పుడు తెలిసింది.

టార్చి వేసి లోపలి గోడ మీద ద్రవం గడ్డకట్టిన మచ్చలు లెక్కపెట్టాను. ప్లగ్గు వేసిన రెండు చోట్లను వదిలేస్తే వెనుక 11, ముందు 4. ఈ 15 రంధ్రాలూ నాకు తెలియకుండానే మూసుకుపోయాయి. ఒక్కోదాన్నీ బయటి వైపు నుంచి సూదితో కెలికి చూశాను. 12 చోట్ల ముల్లు మొనలు వచ్చాయి. రెండు చోట్ల ఏమీ దొరకలేదు. వెనుక టైరు మధ్య గడిలో మాత్రం జొన్నగింజంత ఎర్రటి రవ్వ బయటపడింది. బుడగల రంధ్రాలు కంటికి కనిపిస్తున్నాయి. మోజెన్‌బెర్గ్ లావా. ఎనిమిది నెలల్లో అది చేసిన రంధ్రం ఇదొక్కటే.

ఒక్కో చక్రానికి 60 మిల్లీలీటర్లు పోసి, 1.4, 1.7 కొట్టి, వాల్వు మూత మీద తేదీ రాశాను. మళ్లీ విప్పేది ఫిబ్రవరిలో.